చేతులు కడిగారా అని అడిగినందుకు

ఇబ్రహీంపట్నం,
8 జూలై 2024

మేనకోడలు నందినికి, మామ రామచంద్రయ్య రాస్తున్నది.

మీ అత్త తుంటి ఎముక విరిగింది. తుర్కయాంజాల్‌లో షేర్ ఆటో దిగుతూ ఒక కాలు నేల మీద, ఒక కాలు లోపల ఉండగానే ఆ మహానుభావుడు బండి ఉరికించాడు. మావాడు ఐలేష్ బొంగులూరులో తన ప్లాట్ల ఆఫీసు వదిలి పరుగెత్తుకొచ్చి, మన రోడ్డు మీద కొత్తగా వెలిసిన ప్రైవేటు దవాఖానలో చేర్పించాడు. ఆపరేషన్ అయింది. షుగరు దిగలేదని ఇంకా ఇంటికి పంపలేదు. భయపడాల్సింది లేదంటున్నారు. ఆ మాట అన్నవాడు నా మొహం చూడకుండా ఫోన్ చూస్తూ అన్నాడు కనుక నమ్మాలో లేదో తెలియదు.

నాకు ఫోన్ చేయకు. ఆర్టీసీ ఇంజిన్ల పక్కన బతుకంతా కూర్చుని పోగొట్టుకున్న చెవులు నీ కోసం తిరిగి రావు. వాట్సాప్ కూడా వద్దు. అందులో పొద్దున్నే వచ్చే గులాబీ పూల మధ్య నీ ఉత్తరం కూడా పోతుంది. రాయడం వచ్చిన దానివి, రాయి.

ఈ దవాఖాన గురించి చెప్పాలి. ముందు అద్దాలు, నీళ్లు చిమ్మే ఫౌంటెన్, లోపల పెళ్లి మండపం లాంటి హాలు. ప్రతి గుమ్మం పక్కనా చేతులు ఎలా కడుక్కోవాలో బొమ్మలు. బొమ్మల్లో చేతులు చాలా అందంగా ఉన్నాయి. కింద తగిలించిన సీసాలో మందు లేదు. నొక్కితే గాలి వస్తుంది. గాలితో చేతులు రుద్దుకొని ఒక డాక్టరు లోపలికి పోవడం నేను కళ్లారా చూశాను.

అప్పుడు నువ్వు గుర్తొచ్చావు. హన్మకొండ నర్సింగ్ కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ, ఏళ్ల తరబడి పీహెచ్‌డీ చేస్తున్నావు. దేని మీద? చేతులు కడుక్కోవడం మీద! మా అమ్మ దీన్ని మాకు చీపురుకట్టతో నేర్పింది. ఆమెకు ఏ యూనివర్సిటీ డాక్టరేటు ఇవ్వలేదు. ఇంక నక్షత్రాలను కనిపెట్టే పని ఎవరికి వదిలేశావు?

మీ అత్త నిన్ను అడిగినట్టు రాయమంది. రాశాను.

చెవిటి మామ,
రామచంద్రయ్య


హన్మకొండ,
11 జూలై 2024

మామా,

అత్త సంగతి చదివి గుండె ఆగినంత పనైంది. తర్వాతి పేరాల్లో నీ వెటకారం చూసి మళ్లీ కొట్టుకుంది. నువ్వు బాగానే ఉన్నావన్నమాట.

చేతులు కడుక్కోవాలని అందరికీ తెలుసు. ఆ డాక్టరుకూ తెలుసు. తెలిసి కూడా ఎందుకు చేయరన్నదే నా పని. ఒక జబ్బుతో దవాఖానకు వెళ్లి అక్కడ ఇంకో జబ్బు అంటించుకొని వచ్చేవాళ్లు ఎంతమందో నీకు తెలియదు. తెలిస్తే ఈ ఉత్తరం పట్టుకొని నవ్వవు. ముట్టుకునే ముందు "చేతులు శుభ్రం చేసుకున్నారా" అని రోగిగానీ, పక్కనున్నవాళ్లుగానీ అడిగితే సిబ్బంది మారతారా, ఆ జబ్బులు తగ్గుతాయా అన్నది నా పరిశోధన. మన దగ్గర ఎవరూ అడగరు. తెల్లకోటు కనిపిస్తే చాలు, లేచి నిలబడతారు.

నువ్వు లేచి నిలబడే రకం కాదు కనుక అడుగుతున్నాను. అత్తను ముట్టే ప్రతివాళ్లనూ అడుగు. మర్యాదగా, మెల్లగా అడుగు. నీ మెల్లగా అంటే పక్క వార్డు దాకా వినిపిస్తుంది, అదీ తెలుసు. ఇంకా మెల్లగా.

ఇంకొకటి, ఇది ముఖ్యం. ఆపరేషన్ అప్పుడు అత్తకు మూత్రం గొట్టం వేసి ఉంటారు. "ఇది ఇంకా అవసరమా, ఎప్పుడు తీస్తారు" అని రోజూ అడుగు. గొట్టం ఎన్ని రోజులుంటే లోపలికి క్రిములు పాకడానికి అంత వీలు.

ఎవరేమన్నారో నాకు రాయి. చీపురుకట్ట ప్రయోగం మాత్రం చేయకు.

నందిని


ఇబ్రహీంపట్నం,
14 జూలై 2024

డాక్టరు కాబోయే కోడలికి,

నీ ఆజ్ఞ అమలైంది. ఇంత సరదా నాకు రిటైరయ్యాక దొరకలేదు.

మొదటి దెబ్బ సుశీల అనే నర్సు మీద పడింది. రాత్రి డ్యూటీలో ఆ అంతస్తుకంతా ఆమె ఒక్కతే. పొద్దున్నే సూది మందు పట్టుకొని వచ్చింది. బ్యాడ్జి మీద పేరు చదివి అడిగాను.

"సుశీలా, చేతులు కడిగినవా బిడ్డా?"

"సబ్బు ఏడున్నది తాతా? సీసలు గూడ ఖాళీ. ఇంటికెల్లి తెచ్చుకున్నది నిన్ననే అయిపోయింది. జర మెల్లగ మాట్లాడు, మా సారు ఇంటడు."

"ఇననీయ్! ఇంటనే మంచిది!"

అప్పటికి వార్డులో అందరూ లేచి కూర్చున్నారు. వెనకనే పెద్ద డాక్టరు రౌండ్స్‌కు వచ్చాడు. ఆయన్నూ అడిగాను.

"పెద్దాయనా, నేను ఎన్ని ఆపరేషన్లు చేసిన్నో ఎరుకేనా నీకు?"

"నేను గూడ మస్తు బస్సులు నడిపిన సారూ. అయినా రోజూ బ్రేకు చూసుకోకుండ డిపో దాటలే."

పక్క మంచం ఆయన పకపకా నవ్వాడు. డాక్టరు మొహం ఎర్రబడింది. "ఎవరు నేర్పిండ్రు నీకు గీ మాటలు?" అన్నాడు. దాచడానికి నేనేమైనా దొంగనా? "మా కోడలు నందిని. మీ అసోంటి దవాఖానల మీద డాక్టరేటు చేస్తున్నది. నేను రాసి పంపుతా ఉంటే ఆమె పుస్తకంల ఎక్కిస్తది" అని చెప్పాను. అంతే. ఆయన బయటికి పోయి, ఎక్కడ దొరికిందో గానీ మందు పూసుకొని, చేతులు నాకు చూపించి మరీ మీ అత్తను ముట్టాడు.

నీ పరిశోధన పనిచేస్తుందని ఒప్పుకుంటున్నాను. నీ వల్ల కాదు, నా గొంతు వల్ల.

మీ అత్త మాత్రం దుప్పటి మొహం మీదికి లాక్కుంది. సిగ్గట.

విజయగర్వంతో,
మామ


హన్మకొండ,
17 జూలై 2024

మామా,

నా పేరు ఎందుకు చెప్పావు? నేనేమైనా తనిఖీ ఆఫీసరునా? ఇంకోసారి చెప్పకు.

తిట్టడం అయింది. ఇక నిజం చెప్తాను. నీ ఉత్తరం చదివి కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోయాను. అడిగితే మారతారని ఇన్నాళ్లూ నేను అంటున్నది ఇదే. మా గైడ్ మేడమ్‌కు చదివి వినిపించాను. రేపు బెంగళూరు సదస్సుకు పోతున్నాను. అక్కడ మా వార్డుల ఫలితాలతో పాటు ఒక చెవిటి బస్సు డ్రైవరు ఒక సర్జన్ చేత చేతులు ఎలా కడిగించాడో కూడా చెప్తాను. చప్పట్లు పడితే సగం నీవి.

ఆ సుశీల మాట మాత్రం పట్టించుకోకు. సబ్బు లేదు, నీళ్లు లేవు, టైము లేదు... ఈ సాకులు నేను ప్రతి వార్డులోనూ విన్నాను. మనసుంటే సబ్బు దొరుకుతుంది. ఇలాంటివాళ్ల వల్లనే మా నర్సులందరికీ చెడ్డపేరు.

అడుగుతూనే ఉండు. అత్తకు ముద్దులు.

నందిని

గొట్టం గురించి ఒక్క ముక్క రాయలేదేం? తీసేశారా?


ఇబ్రహీంపట్నం,
18 జూలై 2024

నందినికి,

నీ జవాబు ఇంకా రాలేదు. అయినా ఆగలేక రాస్తున్నాను.

మన హోదా పెరిగింది. మమ్మల్ని వార్డులోంచి తీసి చివరన ఒంటరి గదిలో పెట్టారు. కిటికీ ఉంది, రోడ్డు కనిపిస్తుంది, సాగర్ పోయే బస్సులు చూస్తూ కూర్చోవచ్చు. మేనేజరు స్వయంగా వచ్చి "మీకు ఇబ్బంది లేకుండ ఉంటదని" అన్నాడు. పెదవులు చూసి అర్థం చేసుకున్నాను. మునుపు పొద్దస్తమానం ఎవరో ఒకరు వచ్చి మీ అత్తను కదిలించేవారు. ఇప్పుడు ఒక్కరూ విసిగించడం లేదు. భోజనం గుమ్మం దగ్గర పెట్టి పోతారు. నేను వరండాలోకి వస్తే నర్సులు అటు తిరిగి పోతారు. భయం అంటే అలా ఉండాలి. డాక్టరు కూడా గుమ్మంలోంచే చెయ్యి ఊపి పోతున్నాడు. అడగడానికి మనిషే దొరకడం లేదు నాకు.

మీ అత్తకు కొంచెం చలిగా ఉందట. ఏసీ తగ్గించమని చెప్పాలి, ఎవరైనా కనిపిస్తే.

సదస్సులో వాళ్లకు చెప్పు. ఒక్క ప్రశ్నతో ఒక దవాఖానను ఎలా లొంగదీశామో.

మామ


హన్మకొండ,
2 ఆగస్టు 2024

మామా,

నీ పద్దెనిమిదో తారీకు ఉత్తరం నేను హన్మకొండ తిరిగి వచ్చాక, తలుపు కింద దొరికింది. అది వచ్చేసరికి నేను బెంగళూరులో చప్పట్లు కొట్టించుకుంటున్నాను. ఐలేష్ ఫోన్ చేసినప్పుడు నా మెడలో ఇంకా ఆ సదస్సు బిళ్ల వేలాడుతూనే ఉంది.

ఇప్పుడు చదువుతుంటే ఒళ్లు మండుతోంది. ఒక్కరూ రావడం లేదని గర్వంగా రాశావే! అది భయం కాదు మామా. వెలి. నిన్ను చూసి వణికిపోయి కాదు, నీతో గొడవెందుకని అత్తను వదిలేశారు. ఎప్పుడో తీయాల్సిన గొట్టం తీసే దిక్కు లేక లోపలే ఉండిపోయింది. అందులోంచి క్రిములు పాకి నెత్తురులోకి పోయాయి. చలి ఏసీది కాదు. హైదరాబాద్‌లో పెద్ద దవాఖానకు మార్చి, ఐసీయూలో పెట్టి, ఆమె నన్ను గుర్తుపట్టక "ఎవలమ్మా నువ్వు" అన్న రోజున నేను ఏమైపోయానో నీకు తెలియదు. నువ్వు అప్పుడు వరండాలో ఎవరితోనో పోట్లాడుతున్నావు.

నేను నీకు రెండు పనులు చెప్పాను. నలుగురిలో నిలబడి అరిచే పని బాగా చేశావు. గొట్టం గురించి అడగమన్నది మర్చిపోయావు, ఎందుకంటే దానికి ఎవరూ నవ్వరు.

దవాఖాన మెట్ల మీద నేను అన్న మాటలకు నువ్వు మొహం తిప్పుకొని పోయావు. వినబడలేదేమోనని మళ్లీ రాస్తున్నాను.

నందిని


ఇబ్రహీంపట్నం,
7 ఆగస్టు 2024

నందినికి,

వినబడింది.

మీ అత్తను నిన్న ఇంటికి తెచ్చాం. గోడ పట్టుకొని నాలుగడుగులు వేస్తోంది. గంజి తాగుతోంది. నీకు కావాల్సిన సమాచారం అంతే అనుకుంటాను. నీ పుస్తకంలో ఎక్కించుకో.

తప్పంతా నాదే అన్నావు. అడగమన్నదెవరు? నేనేమైనా చేతులు కడుక్కోవడం మీద చదివానా? నువ్వు అక్కడ ఫ్యాను కింద కూర్చొని "అడుగు మామా" అని రాస్తావు. అడిగితే ఏమవుతుందో తెలుసుకోవడానికి మీ అత్త తుంటి కావాల్సి వచ్చింది నీకు. ఏళ్ల తరబడి చదివి, అడిగినవాడికి శత్రువులు పుడతారన్న ఒక్క ముక్క తెలుసుకోలేకపోయావా? మా డిపోలో అప్రెంటిసు క్లీనరుకు తెలిసేది.

అయితే నేను నీలాగా సదస్సులు పెట్టుకొని కూర్చోలేదు. దవాఖాన యాజమాన్యానికి ఫిర్యాదు రాసి రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. అక్కడ నాకు తెలిసిన పేరు ఒక్కటే, సుశీల. సబ్బు లేదని సాకు చెప్పిన మనిషి. సాకులని నువ్వే రాశావు కదా. నిర్లక్ష్యం చేసిందని రాశాను. వెంటనే జవాబిచ్చారు. ఆమెను ఉద్యోగంలోంచి తీసేశారట, పేరుతో సహా లిఫ్టు పక్కన నోటీసు అంటించారట. మేనేజరు చాలా మర్యాదగా రాశాడు.

నా ప్రయోగానికి ఫలితం వచ్చింది. నీదానికి ఎప్పుడొస్తుందో.

రామచంద్రయ్య


హన్మకొండ,
12 ఆగస్టు 2024

మామా,

అత్త ఇంటికి వచ్చిందన్న ఒక్క వాక్యం కోసం నీ మిగతా ఉత్తరం క్షమించేశాను. నేను మెట్ల మీద అన్నవి అనకూడనివి. నువ్వు రాసినవి రాయదగినవే. అవి నన్ను నిద్ర పోనివ్వడం లేదు.

మా మేడమ్ మాత్రం ప్రశాంతంగా ఉన్నారు. "ఆ సంఘటన నీ వార్డుల్లో జరగలేదు కదా, థీసిస్‌లో పెట్టక్కర్లేదు" అన్నారు. సదస్సులో చెప్పిన కథ సగం వరకే నిజమని చెప్పక్కర్లేదట. ఆ మాట నాకు హాయిగా వినిపించింది. అదే సిగ్గుగా ఉంది.

సుశీల సంగతి... ఏమో. కనీసం ఒకరైనా జవాబు చెప్పారు. మంచం మీద మనిషి కాలిపోతుంటే కన్నెత్తి చూడనివాళ్లకు ఆ యూనిఫాం ఎందుకు?

అత్త కోలుకున్నాక వస్తాను. నన్ను గుమ్మంలోకి రానిస్తే.

నందిని


ఇబ్రహీంపట్నం,
19 ఆగస్టు 2024

బిడ్డ నందినికి, అత్త బాలనర్సమ్మ రాసుకునేది.

నేనే రాస్తున్న. మీ మామ కటింగ్ షాపుకు పోయిండు. ఆడ ఆయన మాటలు ఇనెటోళ్లు ఉంటరు. రాసుడు ఆయన ఒక్కనికే వస్తదని ఆయన నమ్మకం. నేను గూడ ఐదు దాంక చదివిన.

నువ్వు రాసినయి, ఆయన నకలు తీసి పెట్టుకున్నయి, మీ ఉత్తరాలన్ని చదివిన. నా కాలు మీద, నా జరం మీద, నా గొట్టం మీద ఇన్ని కాయితాలు రాసుకున్నరు. ఎక్కడ గూడ "అత్తా, ఆడ నీకేమైంది" అని లేదు. ముద్దులు ఉన్నయి. సంతోషం.

సుశీల గురించి మీరు రాసుకున్నది చదివినంక నాకు బువ్వ పోలే.

మమ్ముల చివరి గదిల ఏసినంక మేనేజరు నర్సులందరికి చెప్పిండంట. "గా ముసలాయన కోడలు అన్ని రాస్తున్నది. ఆడికి పోతే మీ పేర్లు ఎక్కుతయి, మీ ఇష్టం" అని. ఈ మాట నాకు సుశీలనే చెప్పింది. చెప్పి గూడ వచ్చింది. పొద్దుగాల డ్యూటీ దిగినంక, మీ మామ చాయకు పోయిన యాళ్ల, ఇంటికెల్లి తెచ్చుకున్న సబ్బుతోని చేతులు కడుక్కొని వచ్చేది. నన్ను పక్కకు తిప్పి, ఈపు తుడిచి, బట్ట మార్చేది. "అవ్వా, గీ గొట్టం తియ్యాలె. నాకు ఆర్డరు లేదు. అడిగితే సారు రేపు రేపు అంటున్నడు" అన్నది. మీ మామకు చెప్తే మళ్ల లొల్లి చేస్తడు, అది ఆమె మీదికే వస్తదని నేను చెప్పలే. ఆమె చేతులు పగిలి ఉంటుండె. అయినా నొయ్యకుండ పట్టుకునేది.

నాకు చలి పుట్టిన పొద్దు నుదురు ముట్టి చూసింది. ఉరికిపోయి డ్యూటీ డాక్టరుకు చెప్పొచ్చింది. ఆయన రాలే. అప్పుడు "నీ కొడుకు నంబరు ఎరుకేనా" అని నన్నే అడిగింది. ఐలేష్ నంబరు నాకు నోటికొస్తది. నా ముందటనే ఫోన్ చేసింది. "ఇక్కడ ఉంచకుండ్రి, ఇప్పుడే పెద్ద దవాఖానకు తీస్కపోండ్రి" అన్నది. గంతవరకు నాకు యాదున్నది. అటెనక జరం తలకెక్కింది.

నిన్న ఐలేష్‌ను అడిగిన. "అవ్ అమ్మా, ఎవరో ఆడమనిషి చేసింది, పేరు చెప్పలే. బాపు చేయించిండనుకున్న" అన్నడు.

నేను బతికున్ననంటే గా పిల్ల పుణ్యం. గా పిల్ల నౌకరి పోయిందంటే మీ ఇద్దరి పుణ్యం.

నువ్వు అడుగుడు మీదనే చదువుతున్నవ్. మీ మామ దవాఖాననంత అడిగిండు. నువ్వు మీ మామను అడిగినవ్. మంచంల పండుకున్న నన్ను ఒక్కలన్న ఒక్క మాట అడిగిండ్రా? నేనేమన్న మూటనా, మీరిద్దరు అటు ఇటు గుంజుకోనీకి?

ఆయన వచ్చినంక ఇదంత చెప్త. గట్టిగనే చెప్త, వాడకట్టంత ఇన్నా సరే. నీకు రాసిన. ఏం చేస్తవో నీ ఇష్టం.

నీ అత్త,
బాలనర్సమ్మ


ఇబ్రహీంపట్నం,
5 సెప్టెంబరు 2024

నందినీ,

ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టి చింపాను. ప్రతిసారీ ఎవరినో ఒకరిని వెటకారం చేస్తూ మొదలైంది. ఈసారి ఎవరినీ చేయను. నేనొక్కణ్ణే మిగిలాను, నన్ను మీ అత్త ఇప్పటికే చేసి పెట్టింది.

నువ్వు ఆమెకు రాసిన ఉత్తరం నాకు చదవనిచ్చింది. జరిగింది జరిగినట్టు థీసిస్‌లో పెడతానన్నావు. అడిగినవాళ్లను దవాఖానలు ఎలా వెలివేస్తాయో, అడగమన్నవాళ్లు అది ఎలా ఊహించలేదో, సబ్బు ఇవ్వనివాళ్లను వదిలి సబ్బు లేదన్న మనిషిని ఎలా తిట్టారో, అంతా. బెంగళూరు వాళ్లకు కూడా రాశానన్నావు. మీ మేడమ్ ఒప్పుకోకపోతే ఏం చేస్తావో రాయలేదు. నేను అడగను.

నేను మొదట దవాఖానకు పోయాను. నా ఫిర్యాదు తప్పు, వెనక్కి తీసుకుంటున్నానని కాగితం ఇచ్చాను. మేనేజరు దాన్ని చదవకుండానే పక్కన పెట్టి, నాకు అర్థమయ్యేలా పెదవులు సాగదీసి చెప్పాడు. "పెద్దాయనా, గది అయిపోయిన ముచ్చట. మీకు న్యాయం జరిగింది కదా." గొట్టం తీయని డాక్టరు ఆ పక్కనే నవ్వుతూ ఎవరికో షేక్‌హ్యాండ్ ఇస్తున్నాడు. నా ఫిర్యాదు కోసం వాళ్లు ఎంత ఎదురుచూసి ఉంటారో అప్పుడు తెలిసింది. తప్పు మోయడానికి వాళ్లకొక మనిషి కావాలి. పేరు నేనే అందించాను. లిఫ్టు పక్కన ఆ నోటీసు ఇంకా ఉంది. గోరుతో గీకి పీకేశాను. వాచ్‌మన్ రెక్క పట్టుకున్నాడు. "రెక్క ఇడువు బిడ్డా, ఇంకో కాలు ఇరిగితే మళ్ల మీ దగ్గరికే రావాలె" అన్నాను. చూశావా, చేయనన్నా ఆగలేదు.

తర్వాత ఆ నోటీసులో ఉన్న ఊరి పేరు పట్టుకొని సుశీల ఇంటికి, హయత్‌నగర్ పోయాం. నేను ఒక్కణ్ణే పోతానంటే మీ అత్త వాకర్ పట్టుకొని ఆటోలో ముందే కూర్చుంది. సుశీల తల్లి బుగ్గమ్మ తలుపు తీసింది. మేమెవరమో తెలియగానే మళ్లీ వేయబోయింది. మీ అత్త "నేను బాలనర్సమ్మను" అని వాకర్ గడపలో పెట్టేసింది.

సుశీల లోపల బట్టలు మడతపెడుతోంది. ఎక్కడ ఉద్యోగానికి పోయినా పాత దవాఖానకు ఫోన్ చేసి కనుక్కుంటున్నారట. ఆ తర్వాత పిలవడం లేదట. ఆమె నా వైపు చూడలేదు. మీ అత్త ఆమె పక్కన కూర్చొని చేతులు పట్టుకుంది. ఇద్దరూ ఏమేమో మాట్లాడుకున్నారు. నేను నిలబడే ఉన్నాను, కూర్చోమని ఎవరూ అనలేదు.

చివరికి నేనే అన్నాను. "బిడ్డా, తప్పు చేసిన. కాయితం ఎనుకకు తీసుకున్న. వాళ్లు ఇనలే. నీకు నౌకరి ఇప్పిచ్చే తాకత్ నాకు లేదు. నా కోడలు నీ సంగతంత పుస్తకంల రాస్తున్నది."

అప్పుడు తల ఎత్తింది. నాకు వినబడేలా, గట్టిగానే అడిగింది.

"నా పేరు ఉంటదా అండ్ల?"

ఇట్లాంటి పుస్తకాల్లో ఎవరి పేర్లూ ఉండవని, "ఒక నర్సు" అని మాత్రమే రాస్తారని నువ్వు మీ అత్తకు రాశావు. అదే చెప్పాను. మీ మంచికేనట బిడ్డా, అని కూడా అన్నాను.

"తప్పు చేసిందన్నప్పుడు నా పేరు, మా నాయన పేరు, మా ఊరు పేరు గోడకు అంటిచ్చిండ్రు. అందరు ఫోన్లల్ల ఫొటో తీసుకున్నరు. ఇప్పుడు మంచి చేసిందని రాసెటప్పుడు ఒక నర్సునా?"

నిబంధనలు ఉంటాయని నాకు తెలుసు. వాటిని ఎవరి కోసం పెట్టారో కూడా నువ్వు చెప్పగలవు. నేను ఆమె ముందు నిలబడి ఆ మాట చెప్పలేకపోయాను. నా కూతురు వయసు లేదు ఆమెకు.

ఈ ఉత్తరానికి జవాబు రాయకు. పదిహేనో తారీకు ఆదివారం బస్సెక్కి హయత్‌నగర్‌లో దిగు, నేను అక్కడ ఉంటాను. ఏం చెప్తావో ఆమెకే చెప్పు.

మీ మామ,
రామచంద్రయ్య